ఇంటర్నెట్టులో మంచి పేరు వెతుక్కోవడం ఎలా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి ఒక వెబ్‌సైటు ఏర్పాటు చేయాలనీ, అంతకుముందు దానికి తగిన డొమైన్ పేరు ఒకటి నమోదు చేయించాలనీ కార్యవర్గం తలపెట్టింది. ఆ పేరు ఎలా వెతకాలో సభ్యులకు అర్థమయ్యేట్టు చెప్పమని మమ్మల్ని కోరారు. ఇది సంఘానికొక్కదానికే పనికివచ్చే సంగతి కాదు. మనలో కుట్టుమిషను మీద సంసారం నడుపుకొస్తున్న చెల్లెళ్లున్నారు. పెళ్లిళ్లకు బిర్యానీ వండి పంపే అన్నదమ్ములున్నారు. అత్తరు దుకాణాలవారు, ట్యూషన్లు చెప్పేవారు ఉన్నారు. నేడో రేపో వారికీ ఈ అవసరం పడుతుంది. కాబట్టి కొంచెం ఓపికగా వినవలసిందిగా మనవి.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తుపట్టేది అంకెలతో. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు. అందుకని 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అంకెలకు బదులు పేర్లు వాడే పద్ధతిని రూపొందించారు. అదే డొమైన్ పేర్ల పద్ధతి. మన తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసి, మనిషి పేరు తరువాత రాస్తాం. ఇక్కడ అది తలకిందులు. మనం ఎంచుకొనే పేరు ముందు వస్తుంది. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ అనే ఇంటిపేరు చివర వస్తుంది. ఒక ఇంటిపేరు కింద ఒక పేరు ఒక్కరికే. ఇద్దరు అహ్మదులు ఒకే వీధిలో ఉండవచ్చు గాని, ఇక్కడ ఉండటానికి వీల్లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

డాట్ కామ్ కింద మొట్టమొదటి పేరు 1985 మార్చి 15న నమోదైంది. అమెరికాలో సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ దాన్ని తీసుకొంది. 1995 దాకా నమోదుకు రుసుమే లేదు. ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి రెండేండ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. ముందు వచ్చినవారు మంచి మంచి పేర్లన్నీ పట్టుకుపోయారు. ఇవాళ డాట్ కామ్ కింద ఉన్న పేర్లు 15 కోట్లకు పైమాటే. ఇంగ్లీషు అక్షరాలు 26 కదా. మూడక్షరాలతో చేయగల పేర్లు 17,576. అందులో ఒక్కటీ మిగల్లేదు. నాలుగక్షరాలవి 4,56,976. అవీ ఎప్పుడో అయిపోయాయి. కనుక చిన్న పేరు, ఒంటి మాట పేరు డాట్ కామ్‌లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. అలాగని నిరాశ అక్కర్లేదు. రెండు మాటలు కలిపితే దారి విశాలమవుతుంది. ఒక పేరులో 63 అక్షరాల దాకా చోటుంది. చోటుంది కదా అని సంఘం పూర్తి పేరంతా అందులో కుక్కకూడదు, అంతే.

మరి మంచి పేరు ఏది? మా మాట ఇది: విన్నవాడు తప్పు లేకుండా రాయగలిగినదే మంచి పేరు. మన పేరు నలుగురికీ చేరేది ఎక్కువగా నోటిమాటగానే. ఫోనులో చెబుతాం, మైకులో చెబుతాం, పెళ్లి పందిట్లో చెబుతాం. విన్న తల్లి ఇంటికి పోయి కూతురి స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం ఆ పేరు కొడుతుంది. ఒక్క అక్షరం తేడా వస్తే దరఖాస్తు మనకు చేరదు. ఆ తేడా పేరును ఎవరైనా మోసగాడు ముందే కొనిపెట్టుకొని ఉంటే, విరాళం పంపే వారి డబ్బు కూడా అటే పోతుంది.

ఇక్కడ మనకొక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. తెలుగు దేశంలో 'త' అక్షరానికి టీ పక్కన హెచ్ కూడా రాయడం అలవాటు. ఉత్తరాదివారు ఒక్క టీ తోనే సరిపెడతారు. 'ఖిద్మత్' అనే మాట చూడండి. మొదటి అక్షరానికి ఒట్టి కే రాసేవారున్నారు, హెచ్ చేర్చేవారున్నారు. నడుమ డీకి హెచ్ పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు. చివరి టీ సంగతీ అంతే. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఒక్క మాటకు ఎనిమిది రాతలు! 'జమాత్' అంటే ఎ ఒకటా రెండా, చివర హెచ్ ఉందా లేదా అని నాలుగు రాతలు. ఇక ముహమ్మద్ అనే పేరు ఈ హాల్లోనే ఎన్ని రకాలుగా రాస్తున్నారో మీకే తెలుసు. 'అమన్' లాంటి మాట అయితే ఈ తంటా తక్కువ. 'స్కూల్', 'హెల్ప్', 'సొసైటీ' లాంటి ఇంగ్లీషు మాటలు బడిలో నేర్చినవి గనుక వాటికి ఒకటే రాత. అందువల్ల మన మాట ఒకటి, అందరూ ఒకేలా రాసే మాట ఒకటి జతచేసి చూడటం మేలు.

రెండక్షరాలు కలిసే చోట కూడా చూసుకోవాలి. మొదటి మాట ఏ అక్షరంతో ముగుస్తుందో రెండోది అదే అక్షరంతో మొదలైతే, రాసేవాడు ఒకటి మింగేస్తాడు. పైగా నడుమ ఖాళీ ఉండదు గనుక, రెండు మంచి మాటలు కలిసి మూడో చెడ్డ మాటగా కనబడే ప్రమాదమూ ఉంది. పేరు మొత్తాన్ని కాగితం మీద కలిపి రాసి, ఇంట్లో పిల్లల చేత చదివించండి. పెద్దలకు కనబడనిది వారికి కనబడుతుంది.

అడ్డగీత పెట్టుకోవచ్చునని నియమం ఒప్పుకొంటుంది. మొదట్లో, చివర్లో మాత్రం పనికిరాదు. కాని దాన్ని నోటితో చెప్పడమే కష్టం. ఒకరు డాష్ అంటారు, ఒకరు మైనస్ అంటారు. అంకెలూ అంతే. కోరిన పేరు దొరక్కపోతే చివర 786 తగిలిద్దామని కుర్రాళ్లు అంటారు. బండి నంబరుకు అది బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం విన్నవాడు అంకెలు వేయాలా, అక్షరాల్లో రాయాలా అని తడబడతాడు. అదీకాక ఆ ఆలోచన మనకంటే ముందు చాలామందికి వచ్చింది.

ఊరి పేరు చేర్చడం మంచి ఉపాయమే. మనం ఎక్కడివాళ్లమో తెలుస్తుంది, పేరు ఖాళీగా దొరికే అవకాశమూ పెరుగుతుంది. కాని నిలకడ గల రాత చూసుకోవాలి. కడపకు ఇంగ్లీషువాళ్ల నాటి రాత 2005లో మారింది. రాష్ట్రం పొడి అక్షరాలైతే మరీ అస్థిరం. హైదరాబాదులో బండ్ల మీద 2014 దాకా ఏపీ, తరువాత టీఎస్, 2024 నుంచి టీజీ. పదేండ్లలో రెండుసార్లు మారినదాన్ని మన పేరులో ఇరికిస్తే, బోర్డులూ రసీదు పుస్తకాలూ అన్నీ మళ్లీ అచ్చు వేయించాలి.

ఇక చివరి ఇంటిపేరు సంగతి. డాట్ ఆర్గ్ సేవా సంస్థలను ఉద్దేశించి పుట్టినదే గాని, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. అది ఉన్నంత మాత్రాన సేవా సంస్థ అని నమ్మనక్కర్లేదు. మన దేశానిదైన డాట్ ఇన్ 2005 నుంచి అందరికీ బాహాటంగా దొరుకుతున్నది. డాట్ ఆర్గ్ డాట్ ఇన్ అని మరొకటీ ఉంది. తెలుగు లిపిలోనూ, ఉర్దూ లిపిలోనూ డాట్ భారత్ అనే ఇంటిపేర్లు కూడా వచ్చాయి. మన లిపిలో రాస్తే పైన చెప్పిన టీ-హెచ్ తగాదా చాలావరకు తీరుతుంది. అయితే అలాంటి చిరునామాలను ఇంకా కొన్ని దరఖాస్తు ఫారాలు, ఈమెయిళ్లు స్వీకరించడం లేదు. కనుక దాన్ని రెండో పేరుగా ఉంచుకోవడం ప్రస్తుతానికి క్షేమం. ఏది తీసుకొన్నా, అదే పేరు డాట్ కామ్ కింద ఎవరి దగ్గరుందో తెరిచి చూడండి. అలవాటు కొద్దీ జనం డాట్ కామ్ కొడతారు. అక్కడ జూదమో మరొకటో ఉంటే మనకు తలవంపు.

ఈ చివరి ఇంటిపేరు విలువ ఎంతటిదో బ్యాంకులను చూస్తే తెలుస్తుంది. బ్యాంకుల పేరిట నకిలీ సైట్లు పెచ్చుపెరగడంతో, బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 నాటికి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యతను మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించారు. బ్యాంకులకే ఇంత జాగ్రత్త అవసరమైతే, చందాల మీద నడిచే సంఘాలకు ఎంత అవసరమో ఆలోచించండి.

వెతికే క్రమం చెబుతాము. మొదట కంప్యూటరు ముందు కూర్చోవద్దు. కాగితం మీద మన పని, మన ఊరు, మన మాట కలిపి ఓ పాతిక పేర్లు రాయండి. వాటిని పదిమందికి ఫోనులో ఒక్కసారే చెప్పి, రాసి పంపమనండి. ఇద్దరు ముగ్గురు తప్పు రాసినా ఆ పేరు కొట్టేయండి. ఈ పరీక్షకు నానీమా, దాదీమాల దగ్గర్నుంచి గల్ఫులో ఉన్న అల్లుళ్ల దాకా అందరూ పనికివస్తారు. మిగిలిన నాలుగైదింటిని అప్పుడు రిజిస్ట్రారు దగ్గర వెతకాలి. రిజిస్ట్రారు అంటే సొసైటీల రిజిస్ట్రారు ఆఫీసు కాదు. డొమైన్ పేర్లు నమోదు చేసే కంపెనీ. ఒక చిరునామా కొడితే పేజీ తెరుచుకోలేదంటే పేరు ఖాళీ అని కాదు. గోడ కట్టని స్థలానికీ యజమాని ఉంటాడు కదండీ.

ఖాళీగా ఉన్న పేరు దొరికిందా, దాని పూర్వ చరిత్ర చూడాలి. స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే ఇది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి పాత వెబ్ పేజీలను భద్రపరుస్తున్నది. వెనుక ఆ పేరు మీద ఏమి నడిచిందో అందులో ఉచితంగా చూడవచ్చు. తరువాత ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీలో ఆ మాట మరొకరి గుర్తుగా నమోదైందేమో వెతకాలి. సత్యం ఇన్ఫోవే కంపెనీకి 'సిఫీ' అనే పేరుండగా, మరొక కంపెనీ ఎఫ్ ఒకటి ఎక్కువ పెట్టి 'సిఫీనెట్' అని తీసుకొంటే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకు ఉన్న రక్షణ ఉంటుందని 2004లో కోర్టు తీర్పు చెప్పింది. చెవికి ఒకేలా వినబడే పేర్లతో ఎంత చిక్కో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇవన్నీ అయ్యాక ఆలస్యం చేయకుండా ఆ రోజే నమోదు చేయించాలి. కొన్ని పేర్లకు ధర వేలల్లో, లక్షల్లో చూపిస్తారు. అవి ఎవరో ముందే పట్టి అమ్మకానికి పెట్టినవి, లేదా ప్రత్యేక ధర వేసినవి. సంఘం డబ్బుతో అలాంటి వాటి జోలికి పోవద్దు. మొదటి ఏడాది కారుచవకగా ఇచ్చి, రెండో ఏడాది ధర పెంచేవి కూడా ఉన్నాయి. అందుకని మొదటి ధర కాదు, పునరుద్ధరణ ధర అడగాలి.

పేరు దొరకడంతో పని తీరదు. దాన్ని ఎవరి పేరున రాయించాం అన్నది ముఖ్యం. కంప్యూటరు తెలిసిన కుర్రవాడు పుణ్యానికి తన సొంత పేరున, తన కార్డు మీద చేయించి పెడతాడు. ఆ తరువాత ఉద్యోగం మీద దుబాయి పోతాడు. గడువు నోటీసులు అతని పాత ఈమెయిలుకే వెళతాయి. సంఘం పేరు, సంఘం ఈమెయిలు ఇవ్వాలి. ఆ ఈమెయిలు అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగితే ఈమెయిలూ ఆగుతుంది, నోటీసు అందదు. తాళాలు కార్యదర్శి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు క్యాష్ బుక్కు, మినిట్స్ పుస్తకం, రబ్బరు స్టాంపులతో పాటు ఇదీ అప్పగించి సంతకం తీసుకోవాలి.

గడువు మరిచిపోవడం పెద్దవాళ్లకూ తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ ఒక డొమైనుకు 35 డాలర్లు కట్టడం మరిచింది. హాట్‌మెయిల్ వాడేవారిలో చాలామందికి తలుపులు మూతపడ్డాయి. దానితో సంబంధంలేని ఒక ప్రోగ్రామరు తన జేబులోంచి కట్టి ఆదుకొన్నాడు. అలాంటి మంచివాడు ప్రతిసారీ దొరకడు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లకు గడువు దాటి రద్దయిన తరువాత 30 రోజులు ఎక్కువ రుసుముతో విడిపించుకొనే అవకాశం ఉంటుంది. ఆపైన 5 రోజులకు అది బజారున పడుతుంది. పేరు పొందిన పాత సంఘాల చిరునామాల కోసం కాచుక్కూర్చొనేవారున్నారు. ఆ పేరు మీది నమ్మకమే వారికి పెట్టుబడి. ఒకేసారి 10 సంవత్సరాలకు మించి కట్టనివ్వరు గాని, నాలుగైదేండ్లకు కట్టుకోవచ్చు. తెలియని కంపెనీల నుంచి "మీ గడువు ముగుస్తోంది, వెంటనే కట్టండి" అని వచ్చే ఉత్తరాలకు మాత్రం డబ్బు పంపవద్దు. మన రిజిస్ట్రారు దగ్గర విచారించాకే కట్టాలి.

ఈ సభ ముగిశాక తలుపు దగ్గర ఒక నోటుబుక్కు ఉంచుతాము. ప్రతి ఇంటివారూ ఒక్కొక్క పేరు అందులో రాసి వెళ్లవలసిందిగా కోరుతున్నాము. ముందు పక్కనున్నవారి చెవిలో చెప్పి, వారిచేత రాయించండి. వారు సరిగా రాస్తేనే సంతకం పెట్టండి. పదిమంది చెవికి నిలిచిన పేరును కార్యవర్గం ఆ వారంలోనే సంఘం పేరున నమోదు చేయిస్తుంది.