బొగ్గునిచ్చిన లోయ

నేడు పట్టములందుకొనుచున్న యువ ఇంజనీర్లారా,

1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ఇల్లందు పరిసరములలో బొగ్గును కనుగొనినది మొదలు, ఈ ఊరు భూగర్భము పెట్టిన అన్నమునే తినుచున్నది. ఆ బొగ్గు ఇచ్చటనే ఏల పేరుకొనెనని విచారించినచో మరియొక సత్యము గోచరించును: కోట్ల సంవత్సరముల క్రిందట భూపటలము పగిలి, భ్రంశముల నడుమ క్రుంగిన గోదావరి లోయలోనే ఆ పొరలు నిక్షిప్తములైనవి. ఆ లోయయే 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమును 5.7 తీవ్రతతో కదలించినది. 2024 డిసెంబరు 4 ఉదయమున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో పుట్టిన కంపము హైదరాబాదు, విజయవాడల వరకు తెలిసినది.

నేల కదలినపుడు పునాది దానితోపాటు ప్రక్కకు జరుగును. పైకప్పు తన బరువుచేత ఉన్నచోటనే నిలువజూచును. ఆ పెనుగులాట యంతయు గోడలమీదను స్తంభములమీదను పడును. బరువు హెచ్చినకొలది దెబ్బయు హెచ్చును. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలును, వానిమీది మట్టికప్పులును, నిద్రించుచున్న వేలాదిమందిని పొట్టనబెట్టుకొనినవి. ఈ అడవి అంచున కోయవారు గుంజలు నాటి, తడికలకు మట్టి మెత్తి కట్టుకొను తేలికయిండ్లు ఊగియు నిలువగలవి. ఆ నేర్పునకు నేను నమస్కరించుచున్నాను. రాతి, ఇటుకయిండ్లకైనను తలుపుల, కిటికీల పైయెత్తున కాంక్రీటు బెల్టును మూలలయందు తెగకుండ ఇల్లంతయు చుట్టివచ్చునట్లు పోసినచో, నాలుగు గోడలును ఒక్క పెట్టెవలె బిగిసియుండును.

2001 జనవరి 26న భుజ్ భూకంపమునకు, రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న అహమ్మదాబాదులో, క్రింద పార్కింగుకై గోడలు లేక వదలిన అంతస్తులు నలిగి మేడలు కూలినవి. మన పట్టణములలో నేడు లేచుచున్నవి అట్టి మేడలే కావున, స్తంభములోని నిలువుచువ్వలను చుట్టి కట్టు ఇనుపరింగును గూర్చి ఒక్క మాట చెప్పకుండ మిమ్ము పంపజాలను. రింగు కొనను తొంబది డిగ్రీలకే వంచి విడిచినచో, పైకాంక్రీటు రాలినంతనే అది విచ్చుకొనును, నిలువుచువ్వలు బయటికి ఉబ్బును, స్తంభము చితికిపోవును. నూటముప్పదియైదు డిగ్రీలకు లోనికి వంచినచో ఆ కొన నడిమి కాంక్రీటును పట్టుకొని విడువదు. స్తంభము అడుగునను తలయందును రింగులు మరింత దగ్గరగా నుండవలెను. 13920 సంఖ్యగల భారత ప్రమాణము విధించునది ఇదియే.

"ఎప్పుడూ ఇట్లనే కడుతున్నం సార్" అని మేస్త్రీ యన్నచో కోపింపకుడు. అతని ప్రక్కన కూర్చుండి, ఒక రింగును మీచేతులతో వంచి చూపుడు. కాంక్రీటు పోయకమునుపే చూపుడు, పోసిన పిమ్మట ఆ కొన ఎవ్వరికిని కానరాదు.