దుబ్రోవ్నిక్ కోటగోడలు



మధ్యధరా సముద్రపు పాయయైన ఏడ్రియాటిక్ తీరమున, నేటి క్రొయేషియా దేశములో, దుబ్రోవ్నిక్ అను రేవుపట్టణము కలదు. పూర్వము దీనిని రగూసా యనెడివారు. పట్టణమును చుట్టిన రాతిగోడ పొడవు 1,940 మీటర్లు. ఎత్తు కొన్నియెడల 25 మీటర్లు. కొండవైపున గోడమందము 6 మీటర్ల వరకు ఉండగా, సముద్రమువైపున 3 మీటర్లకు మించదు. ముప్పు ఎటనుండి అధికమో కట్టినవారు ఎరుగుదురు.

1453లో కాన్‌స్టాంటినోపిల్ తురుష్కుల వశమైన పిదప నగరవాసులు గోడలను మరింత బలపరచిరి. ఫ్లారెన్సు నుండి మికెలొట్సో అను వాస్తుశిల్పిని రప్పించిరి. అయినను వారు రాతినే నమ్ముకొని కూర్చుండలేదు. 1458లో సుల్తానుకు కప్పము కట్టుటకు ఒడంబడిరి. ఆ శతాబ్దాంతమునకు అది ఏటేట 12,500 డ్యూకట్లయ్యెను. కప్పము చెల్లించి వర్తకమును, స్వపరిపాలనమును నిలుపుకొనిరి.

పడమటి ద్వారము వెలుపల 37 మీటర్ల శిలపై లోవ్రియెనాట్స్ అను దుర్గమున్నది. శత్రువు వచ్చు దిక్కున దాని గోడమందము 12 మీటర్ల వరకు ఉండగా, నగరమువైపున 60 సెంటీమీటర్లే! దుర్గపాలకుడు ఎన్నడైన నగరముపై తిరుగబడినచో ఆ పలుచని గోడను సులువుగా కూల్చవచ్చునని వారి యెత్తుగడ. నగరాధిపతి పదవియు నెలరోజులే. వెలుపలి శత్రువుతోపాటు లోపలి అధికారదాహమునకును వారు కట్టుదిట్టము చేసిరి.

1667 ఏప్రిల్ 6వ తేదీ భూకంపములో నగరాధిపతితో సహా వేలమంది మరణించిరి, భవనములు నేలకూలెను. గోడలు మాత్రము చాలవరకు నిలిచెను. 1806లో నెపోలియన్ సైన్యము వచ్చినపుడు ఫిరంగి పేలకుండగనే ద్వారములు తెరువబడెను. 1808లో ఫ్రెంచివారు గణరాజ్యమును రద్దుచేసిరి. గోడలు నిలిచియే యుండెను. స్వాతంత్ర్యము మాత్రము పోయెను.

1979లో యునెస్కో ఈ నగరమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. ఆ గౌరవమును లెక్కింపక, 1991లో యుగోస్లావ్ సైన్యము దీనిపై గుండ్లవర్షము కురిపించెను. గోడలకును దెబ్బలు తగిలెను. కాని నాటి ప్రజలు పూర్వుల దుర్గములలోనే తలదాచుకొనిరి. యుద్ధానంతరము నగరమును పునరుద్ధరించిరి.

గోడ ప్రజలకు నీడ నీయగలదు; వారి స్వాతంత్ర్యమును కాపాడుభారము మాత్రము గోడది కాదు, లోపలివారిది. లోవ్రియెనాట్స్‌లో ఆ పలుచని గోడను కట్టినవారు ఈ సంగతి నెరిగినవారే.