షాపుకు సెలవు వేరు, మనిషికి సెలవు వేరు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

 

పొదుపు లెక్కలు, అప్పుల వసూలు లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించాం. ఇప్పుడు మినిట్సు పుస్తకంలో ఉన్న ఒక చిన్న పద్దు గురించి మాట్లాడుకుందాం. అది గైర్హాజరు జరిమానా.

మీటింగుకు రాకపోతే పది రూపాయలు కట్టాలని మనమే తీర్మానం చేసుకున్నాం. ఈ ఏడాది ఒక సంఘంలో ఒకే చెల్లె పేరు మీద ఆ జరిమానా వరుసగా పడింది. ఆమె పట్నంలో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆదివారమైతే వస్తుందేమోనని మీటింగు ఆదివారానికి మార్చాం. అప్పుడూ రాలేదు. బాధ్యత లేని మనిషి అనుకున్నాం, నలుగురిలో అన్నాం కూడా. తర్వాత ఇంటికి పోయి అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆదివారమే గిరాకీ ఎక్కువ, ఆ రోజు రాకపోతే రెండు రోజుల జీతం కోస్తారట. పోనీ మిగతా ఆరు రోజుల్లో ఒక రోజు సెలవుందా అంటే, అదీ లేదు. పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడుతుంది. అక్కడ షాపులో కోత, ఇక్కడ సంఘంలో జరిమానా. రెండు దిక్కులా ఆమెకే పడింది.

అక్కలారా, వారం సెలవు ఓనరు దయతలిచి ఇచ్చేది కాదు. మన దేశంలో కూలి జనం దాన్ని అడిగి తెచ్చుకున్నారు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఒకప్పుడు వారం సెలవు లేదు. జ్యోతిరావు ఫూలే సహచరుడు నారాయణ మేఘాజీ లోఖండే 1884 నుంచి దాని కోసం కొట్లాడారు. 1890లో వేలమంది కూలీలు సభ పెట్టుకున్నారు. ఆ సభలో ఆడకూలీలు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఈ రోజు మన పిల్లల బడికి ఆదివారం ఉందంటే దాని వెనక ఇలాంటి మనుషుల కష్టం ఉంది.

షాపుల్లో పనిచేసేవాళ్లకు కూడా చట్టం ఉంది. 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టమే తెలంగాణ వచ్చాక మన దగ్గర అమలవుతోంది. దాని ప్రకారం షాపులో పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. అంతకు మించి చేయించుకుంటే ఆ గంటలకు రెండింతల కూలి ఇవ్వాలి. ఐదు గంటల పనిలోపే ఒక గంట విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి, ఆ రోజు జీతం కోయకూడదు. ఆరు నెలలు విడవకుండా పనిచేసిన మనిషిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి. లేదంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం చేతికివ్వాలి.

మరి ఆదివారం షాపులన్నీ తెరిచే ఉంటున్నాయి కదా, చట్టం ఎత్తేశారా అని కొందరు అడిగారు. ఎత్తేయలేదు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో షాపులు రాత్రింబవళ్లు తెరుచుకోవచ్చని షరతులతో ఉత్తర్వు ఇచ్చారు. తెరిచి ఉంచడానికి అనుమతి షాపుకు వచ్చింది. పనిచేసే మనిషికి మాత్రం వారం సెలవు, ఎక్కువ గంటలకు ఎక్కువ కూలి ఇవ్వాల్సిందేనని ఆ ఉత్తర్వులోనే ఉంది. రాత్రి పని ఆడవాళ్లు ఒప్పుకుంటేనే చేయించాలి, రాకపోకలకు బండి పెట్టాలి. షాపుకు సెలవు వేరు, మనిషికి సెలవు వేరు. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోండి.

మన పిల్లలు చదువుకోవడానికి పోయి షాపుల్లో పనిచేసే ఇంగ్లండులో కూడా ఇదే తేడా పాటిస్తారు. అక్కడ 1994లో ఆదివారం వ్యాపారం మీద చట్టం వచ్చింది. పెద్ద షాపులు ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు లోపల ఆరు గంటలే తెరవాలి. చిన్న షాపులకు ఆ కట్టడి లేదు. పనిచేసేవాళ్లు 'మేం ఆదివారం రాం' అని మూడు నెలల ముందు రాసిస్తే ఆ తర్వాత బలవంతం చేయకూడదు, ఆ కారణంతో తీసేయకూడదు. ఒక్క ఆదివారం పనికే చేరినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

ఊరి సంగతి చెప్పి ఇంటి సంగతి దాస్తే మర్యాద కాదు. మన సమాఖ్య నడిపే సరుకుల స్టోర్ ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. దాంట్లో కూర్చునే అమ్మాయి ఒక్కతే. "మన స్టోరే కదా, మన పిల్లే కదా" అనుకుంటూ ఏడాదంతా ఆమెకు వారం సెలవు ఇవ్వలేదు. బట్టల షాపు ఓనరును తిట్టుకున్న రోజే ఈ సంగతి మన పాలకవర్గంలో ఒక అక్క లేచి అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు వారానికి ఒక రోజు ఇంకో సభ్యురాలిని రోజుకూలి మీద కూర్చోబెడుతున్నాం. ఆ ఖర్చు స్టోర్ లాభంలోంచి పోతుంది, లాభం ఆ మేరకు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

బట్టల షాపు చెల్లె ఇంకా ఓనరును అడగలేదు. మనం తొందర పెట్టలేదు. పని పోతే వచ్చే నెల కిస్తీ ఎట్లా అన్నది ఆమె భయం. అది ఉత్త భయం కాదు. అందుకే ఒంటరిగా పంపొద్దని అనుకున్నాం. ముందు మూడు పనులు చేద్దాం.

ఒకటి, షాపుల్లో పనిచేసే సభ్యులు, వాళ్ల బిడ్డలు ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ ఎన్నింటికి పోయారో, ఎన్నింటికి వచ్చారో, ఎంత జీతం చేతికొచ్చిందో తేదీ వేసి రాసుకోవాలి. లెక్క రాయడం మనకు కొత్త కాదు. రెండు, ప్రతి గ్రామ సంఘం తమ ఊరి నుంచి పట్నం షాపులకు పోయేవాళ్ల పేర్లు రాసి సమాఖ్యకు ఇవ్వాలి. పదిమంది అయ్యాక లేబర్ ఆఫీసుకు అందరం కలిసి పోదాం, దరఖాస్తు సమాఖ్య లెటర్‌హెడ్ మీద ఇద్దాం. మూడు, పని వల్ల మీటింగుకు రాలేనివాళ్లకు జరిమానా వద్దు. ఆ చెల్లె కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని పాలకవర్గం ప్రతిపాదిస్తోంది.

అక్కలూ, మనలో కొందరికి కిరాణా కొట్లున్నాయి, టైలరింగ్ షాపులున్నాయి. వాటిలో ఒకరిద్దరు పిల్లలను పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ సాయంత్రం ఇంటికి పోయాక ఆ పిల్లను ఒక మాట అడగండి: "నీకు ఏ రోజు సెలవు కావాలి?" అని.

తీర్మానం మీ ముందుంది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.