సగంలో వదిలేసిన పుస్తకానికి స్టార్లు ఇవ్వొచ్చా?

ఈ రోజు ప్రశ్న శిరివెళ్ల నుంచి ఒక తమ్ముడు పంపించాడు. "అన్నా, నంద్యాల బస్సులో ఫోన్‌లో 'అంపశయ్య' చదువుతాండా. 60 పేజీలైనా కథ కదల్లేదు, ఆపేసినా. సింగిల్ స్టార్ కొట్టొచ్చా?"

ఆపేయడం నీ ఇష్టం తమ్ముడూ. టైమ్ నీది, డేటా నీది. పరీక్షకేం రాదు కదా! రివ్యూ కూడా రాయి. "పూర్తిగా చదవనోడికి మాట్లాడే హక్కు లేదు" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. చివరిదాకా చదివేది ఎక్కువగా నచ్చినోళ్లే. పుస్తకం ఎక్కడ పట్టు వదిలిందో మధ్యలో లేచిపోయినోడే చెప్పగలడు.

స్టార్ మాత్రం వేరే లెక్క. లక్ష రేటింగులున్న ఇంగ్లిష్ బుక్‌కి నీ ఒక్క స్టార్ ఆవగింజంత కూడా కాదు. తెలుగు నవలకి ముగ్గురే ఇచ్చారనుకో: 5, 5, 4. సగటు దాదాపు 4.7. నువ్వొచ్చి 1 కొడితే 3.75కి పడిపోతుంది! ఆ నంబర్ చూసి వెళ్లిపోయేవాడికి నువ్వు 60 పేజీల దగ్గర ఆగావని తెలీదు. అందుకే నేనైతే వదిలేసిన పుస్తకానికి స్టార్లు ఇవ్వను, మాటలే రాస్తా.

ఏం రాయాలి మరి? "బోర్, వేస్ట్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'అంపశయ్య' 1969లో వచ్చింది. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, నవలంతా అంతే. డబ్బులు, చదువు, అమ్మాయిలు, భయాలు... వాడి బుర్రలో తిరిగేదంతా అలాగే పేజీ మీదికి వస్తుంది. చైతన్య స్రవంతి అంటారు దీన్ని. నవీన్ గారు కావాలనే అలా రాశారు. (ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైపోయింది, అంపశయ్య నవీన్ అని.)

కాబట్టి ఇలా రాయి: "60 పేజీలు చదివా. అంతా ఒక్క రోజులోనే, తలలోనే తిరుగుతోంది. నాకు మలుపులు కావాలి, ఆపేశా." అది చూసి ఒకడు తప్పుకుంటాడు. హాస్టల్లో ఉండి ఇంటి నుంచి డబ్బులెప్పుడొస్తాయా అని చూసే ఇంకొకడు "అరె, ఇది నా కథే" అని మొదలుపెడతాడు.

'వేయిపడగలు' భాష అందక ఆపితే అదే చెప్పు. చదవని ముగింపు మీద మాత్రం తీర్పివ్వకు.

తమ్ముడూ, ఆ ఒక్క స్టార్ ఇప్పటికే కొట్టేసుంటే తీసెయ్. ఆ 60 పేజీల సంగతి రాసి నాకు పంపు, చదువుతా.