ధ్రువాల మంచు – వేల ఏళ్ళ లెక్క

(దువ్వాడలో జరిగిన మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్, మెడికల్ బిల్లులు తప్ప వేరే మాట వినబడని ఈ సభలో దక్షిణ ధ్రువం గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కాసేపు ఆలోచించి, "సరే, ఇరవై నిమిషాలు" అన్నారు. ఆ లోపే ముగిస్తాను.

అంటార్కిటికా మన దేశానికి నాలుగు రెట్లకు పైగా పెద్దది. దాని మీద సగటున సుమారు 2 కిలోమీటర్ల మందాన మంచుగడ్డ పేరుకుని ఉంది. ఉత్తరాన గ్రీన్‌లాండ్ మీద ఇలాంటిదే ఇంకొకటి. వీటిని హిమఫలకాలంటారు. అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రమట్టం సుమారు 58 మీటర్లు, గ్రీన్‌లాండ్‌ది కరిగితే 7 మీటర్లు పెరుగుతుంది. కంగారు పడకండి, అదంతా మన మునిమనుమల కాలంలో జరిగేది కాదు. ఎంత భాగం, ఎంత కాలంలో అన్నదే ప్రశ్న. దానికోసం శాస్త్రజ్ఞులు కంప్యూటర్లలో వేసే లెక్కలనే మోడల్స్ అంటున్నారు.

నేను రోలింగ్ మిల్లులో పనిచేసినవాణ్ణి. మంచుకూ నాకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. చాలా దగ్గరి సంబంధమే ఉంది. రీహీటింగ్ ఫర్నేసు నుంచి వచ్చే బ్లూమ్ 1200 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది ఘనపదార్థమే, అయినా రోల్స్ కింద మైనంలా సాగుతుంది. ఉక్కు కరిగేది 1500 డిగ్రీల ప్రాంతంలో. ఇప్పుడు పరమశూన్యం నుంచి లెక్కపెట్టండి. మైనస్ 20 డిగ్రీల మంచు అంటే 253. మంచు కరిగేది 273 వద్ద. అంటే అది కరిగే వేడిలో 93 శాతం దగ్గర ఉంది. ఉక్కును అదే 93 శాతానికి తెస్తే సుమారు 1370 డిగ్రీలు! మనం రోల్ చేసినదానికంటే ఎక్కువ వేడి అన్నమాట. మనకు గడ్డకట్టించే చలి అనిపించేది మంచుకు కొలిమి వంటిది. అందుకే కిలోమీటర్ల మందపు మంచు తన బరువుకు తానే సాగి, నడిమి నుంచి అంచులకు మెల్లగా ప్రవహిస్తుంది. మెకానికల్ వారు 'క్రీప్' అంటారే, అదే ఇది. జాన్ గ్లెన్ అనే ఆయన మంచు ముక్కల మీద బరువు వేసి కొలిచి 1955లో ఒక సూత్రం ప్రకటించాడు. ఒత్తిడి రెట్టింపయితే సాగే వేగం రెండు రెట్లు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఈనాటికీ మోడల్స్ చాలామటుకు దీని మీదే నడుస్తున్నాయి.

ఇక లెక్క కట్టే పద్ధతి. స్టోర్సులో పనిచేసినవారికి నాకంటే బాగా తెలుసు. హిమఫలకాన్ని గ్రాఫు కాగితంలా గళ్ళుగా విభజిస్తారు. ప్రతి గడికీ ఓపెనింగ్ బ్యాలెన్స్, పైన కురిసిన మంచు జమ, పక్క గడి నుంచి వచ్చింది జమ, కరిగిందీ ముందుకు జారిందీ ఖర్చు, చివర క్లోజింగ్ బ్యాలెన్స్. ఆ బ్యాలెన్సే మళ్ళీ ఓపెనింగ్. ఇలా వేల ఏళ్ళు. జమాఖర్చు సరిపోకపోతే ఆడిటర్ ఊరుకోడు. ఇక్కడి ఆడిటర్లు 2002 నుంచి పైకి పంపిన గ్రేస్ ఉపగ్రహాలు. భూమి ఆకర్షణలో తేడాలను బట్టి, వేబ్రిడ్జి మీద లారీని తూచినట్లు మంచును తూస్తాయి. రెండు ధ్రువాల వద్దా బరువు తగ్గుతోందని అవి చెప్పాయి.

అసలు చిక్కు ఆలస్యంలో ఉంది. బ్లాస్ట్ ఫర్నేసులో పైన ఛార్జి మారిస్తే ట్యాపింగ్‌లో ఫలితం కనబడడానికి గంటలు పడుతుంది. "ఈ షిఫ్టు హాట్ మెటల్ పోయిన షిఫ్టువాడి పుణ్యం" అనేవాళ్ళం కదా! హిమఫలకానికి ఆ షిఫ్టు వేల ఏళ్ళు. 20,000 ఏళ్ళ కిందటి మంచుయుగపు చలి ఇప్పటికీ లోపలి పొరల్లో మిగిలి ఉంది. కాబట్టి లెక్క ఈ రోజు నుంచి మొదలుపెడితే కుదరదు. లక్ష ఏళ్ళ వెనకనుంచి నడుపుకు రావాలి. ఆనాటి వాతావరణం ఎలా తెలుస్తుందంటారా? అంటార్కిటికాలో 3 కిలోమీటర్ల లోతుకు పైగా తొలిచి తీసిన మంచు కడ్డీల్లో 8 లక్షల ఏళ్ళ గాలి బుడగలు దొరికాయి. ఆ యుగాలు ఎందుకు మారాయో భూకక్ష్య మార్పులను బట్టి చేతితో లెక్కలు కట్టినవాడు మిలాంకోవిచ్ అనే సెర్బియా దేశస్థుడు. ఆయన మొదట కాంక్రీటు కట్టడాల ఇంజనీరు. మన సివిల్ వారు కాలరెగరేయవచ్చు.

మోడల్‌ను నమ్మాలంటే గతాన్ని సరిగా చెప్పాలి. 20,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు లోతున ఉండేది. 1,25,000 ఏళ్ళ కిందట, పారిశ్రామిక యుగానికి ముందున్న వేడికంటే డిగ్రీ అటూ ఇటుగా ఎక్కువ ఉన్నప్పుడు, 5 నుంచి 10 మీటర్లు పైన ఉంది. ఈ రెండో అంకె చూసినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

తేలని సంగతి మంచు అడుగు. ఎక్కడ రాయికి పట్టుకుని ఉందో, ఎక్కడ నీటి మీద జారుతోందో కంటితో చూసినవారు లేరు. పశ్చిమ అంటార్కిటికాలో ఆ అడుగు సముద్రమట్టానికి కిందుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతు. వెచ్చని సముద్రపు నీరు అంచును తింటూ పోతే వెనక్కి తగ్గడం తనంత తానే సాగిపోవచ్చని 1974లోనే వీర్ట్‌మన్ లెక్క కట్టాడు. థ్వైట్స్ అనే ఒక్క హిమానీనదం మీదే ఇప్పుడు అందరి కళ్ళూ ఉన్నాయి. మోడల్స్ ఒకదానితో ఒకటి పొసగనిది ఇక్కడే.

తూర్పు అంటార్కిటికా మాత్రం మనకు పరాయిది కాదు. సింహాచలం కొండలో, కైలాసగిరిలో కనబడే ఖొండలైటు రాళ్ళకు బంధువులు అక్కడున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందటి వరకు మన తూర్పు తీరం, ఆ ఖండం ఒకటిగా అతుక్కుని ఉండేవి. 2012లో మన దేశం 'భారతి' కేంద్రాన్ని తెరిచింది ఆ బంధువుల ఇంటి వైపునే, లార్సెమన్ కొండల్లో.

సమావేశానికి ముందు ఒక మిత్రుడు అడిగారు: "మా అబ్బాయి భీమిలి రోడ్డులో ఫ్లాటు చూస్తున్నాడు, కొనమంటారా?" తెలిసినంత చెబుతాను. 1901 నుంచి 2018 లోగా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021 నివేదిక ప్రకారం, పొగ బాగా తగ్గిస్తే 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు, విచ్చలవిడిగా వదిలితే 63 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు. మంచు అడుగు సంగతి తేలలేదు కనుక 2 మీటర్లకు దగ్గరగా పోవడం కూడా అసాధ్యమని కొట్టెయ్యలేమన్నారు. ఇంకొక మాట. అంత మంచు తన ఆకర్షణతో చుట్టూ సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలి, నీరు దూరపు తీరాలకు జరుగుతుంది. అంటే అక్కడి మంచుకు మనవంటి దూరపువాళ్ళం సగటుకంటే కాస్త ఎక్కువే చెల్లించుకుంటాం.

మీటరంటే మెట్టెక్కినట్లు నీరు ఒక మీటరు పైకి వచ్చి ఊరుకోవడం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను మీరంతా చూశారు. ఇకపై అలాంటి ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీదనుంచి బయలుదేరుతుంది. ఫ్లాటు ఎన్నో అంతస్తు అన్నదానికంటే, వీధి ఎంత ఎత్తున ఉంది, వాననీరు ఎటు పోతుంది, దాని ముందు ఇసుక దిబ్బలు మిగిలి ఉన్నాయా అన్నది చూడమనండి.

అదే నివేదికలో 2,000 ఏళ్ళ లెక్క కూడా ఉంది. వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగితే సముద్రం 2 నుంచి 3 మీటర్లు, 2 డిగ్రీలైతే 2 నుంచి 6 మీటర్లు, 5 డిగ్రీలైతే 19 నుంచి 22 మీటర్లు. ఈ మూడింటిలో ఏది అన్నది చాలావరకు ఈ శతాబ్దపు షిఫ్టులోనే ఛార్జి అవుతోంది. మన పొయ్యిల పొగ కూడా అందులో ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.