చలనచిత్రములకు రాకపూర్వము వారేమి చేసెడివారు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సినిమాహాలులో బొమ్మ మొదలుకాగానే తెరమీద పేర్లు వచ్చును. ఆ పేర్లు సాగునంతసేపు ప్రేక్షకులు చోటు వెదకుకొనుచుందురు, పిల్లలను సర్దుచుందురు, కొందరింకను గేటువద్దనే యుందురు. ఆ పేర్లుగలవారు ఎచ్చటివారు, ఈ పనికి రాకపూర్వ మేమి చేసెడివారు అని విచారించినవారు తక్కువ. విచారించినచో, వారి పూర్వకథలు తెరమీది కథలకు తీసిపోవు.

ఇది కేవలము కాలక్షేపమునకు చెప్పుకొను విషయము కాదు. ఒకప్పుడు తెలుగునాట ఎన్నో ఊళ్లనుండి యువకులు ఇంట చెప్పక చెన్నపట్టణమునకు రైలెక్కెడివారు. చక్కని ముఖమో, నాలుగు పద్యములు పాడగల గొంతుకయో యున్న చాలునని వారి నమ్మకము. పలువురు చేతిసొమ్ము కాగానే తిరిగివచ్చిరి. ముఖము చెల్లక తిరిగిరానివారును గలరు. తరువాత తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ నమ్మకము మాత్రము ఊళ్లలో అట్లే యున్నది. కావున నిలిచినవారు ఏ సరంజామాతో వెళ్లిరో తెలిసికొనుట తల్లిదండ్రులకును, బిడ్డలకును అవసరమే.

మొదట చెప్పవలసినవారు రఘుపతి వెంకయ్యగారు. బందరువారు. చెన్నపట్టణమున ఫోటోస్టూడియో నడుపుకొనుచు సుఖముగానే యుండిరి. 1910లో బొమ్మతోపాటు ధ్వనిని గూడ వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనుటకై ఆ స్టూడియోను తాకట్టు పెట్టిరి. దానిని వెంటబెట్టుకొని ఊళ్లు తిరిగి ప్రదర్శనలిచ్చిరి. పిదప చెన్నపట్టణమున గెయిటీ అను సినిమాహాలును కట్టించిరి. అంతటితో ఆగినచో ధనవంతులై పోయెడివారేమో! కాని బొమ్మలు చూపుటతో వారికి తృప్తి కలుగలేదు, తీయవలయునని కోరిక. కుమారుడు ప్రకాశుగారిని ఆ విద్య నేర్చుకొనుటకు విదేశములకు పంపిరి. 1921లో ఆ కుమారుడు తీసినదే ‘భీష్మప్రతిజ్ఞ’ అను మూకీచిత్రము. వెంకయ్యగారు 1941లో గతించునాటికి ఆర్జించిన దంతయు హరించిపోయినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చలనచిత్రసేవకు ఆయన పేర పురస్కార మిచ్చుట 1980లో మొదలైనది. ఆలస్యమైనను పేరు నిలిచినది.

మూకీల కాలము పోయి 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చుటతో బొమ్మకు నోరు వచ్చెను. నోరున్న బొమ్మకు వాక్కు గలవారు కావలెను గదా! కావున నాటకరంగమువారికి పిలుపు వచ్చినది. ఆ చిత్రమున లీలావతి వేషము ధరించిన కమలాబాయిగారు సురభి నాటకకుటుంబములవారు. ఆ కుటుంబములలో తాతనుండి మనుమరాలి వరకు అందరిదియు ఒకటే వృత్తి. స్త్రీలు రంగమెక్కుట తప్పని లోకమనుకొను దినములలోనే వారి యాడవారు రాత్రి వేషము వేసి, పగలు వంట చేసికొని, బిడ్డలను పెంచుకొనిరి. ఇక సంసారుల యిండ్ల బిడ్డలు చిత్రములలో చేరుట ఎంత కష్టమో భానుమతిగారి కథ చెప్పును. ఒంగోలు ప్రాంతమున దొడ్డవరమున జన్మించిన యామె తండ్రి సంగీతప్రియుడు. 1939లో ‘వరవిక్రయము’ చిత్రమునకు బిడ్డను పంపుచు, నాయకపాత్రధారి ఆమెను తాకరాదని నియమము పెట్టెనట! ఆ బిడ్డయే 1953లో ‘చండీరాణి’ చిత్రమునకు తానే దర్శకురాలయ్యెను; ‘అత్తగారి కథలు’ వ్రాసి గ్రంథాలయముల అలమారలలోనికిని వచ్చెను.

ఎల్.వి. ప్రసాదుగారిది ఏలూరు చేరువ సోమవరప్పాడు. రైతుకుటుంబము. 1908లో జన్మించిరి. చదువు అబ్బలేదు, ఇంట అప్పులు మిక్కుటమయ్యెను. ఒకనాడు ఎవ్వరికిని చెప్పక బొంబాయి చేరిరి. ఇచ్చట ఒకమాట: పైన చెప్పిన పారిపోయిన యువకులకును, ఈయనకును బయలుదేరునప్పు డేమియు భేదములేదు. భేదము చేరిన తరువాత వచ్చినది. ఆయన వేషము కొరకు గుమ్మములయొద్ద పడియుండక, ఒక చిత్రసంస్థలో చిల్లర పనులు చేయు కుఱ్ఱవాడుగా కుదిరిరి. ఏ పని చెప్పినను కాదనక ఆ పరిశ్రమలోని ప్రతి మూలయు చూచిరి. 1931లో వచ్చిన హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’లోను, అదే సంవత్సరపు ‘కాళిదాసు’లోను, తరువాతి ‘భక్త ప్రహ్లాద’లోను ఆయన చిన్నవేషములు వేసిరి. మూడు భాషల తొలి పలుకుచిత్రములందును కనబడుట చిత్రముగనే యున్నది. 1946లో ‘గృహప్రవేశము’తో దర్శకుడగునాటికి పదునైదేండ్లకు పైబడిన ఊడిగము గడచినది.

మఱియొక త్రోవ అచ్చుకూటములనుండి వచ్చినది. గ్రంథాలయములకు వచ్చువారు దీనిని ప్రత్యేకించి గమనింపదగును. గూడవల్లి రామబ్రహ్మముగారు ‘ప్రజామిత్ర’ పత్రికను నడపినవారు. పత్రికలో వ్రాసిన విషయములనే 1938లో ‘మాలపిల్ల’గను, 1939లో ‘రైతుబిడ్డ’గను తెరమీదికి తెచ్చిరి. రెండవదానిమీద జమీందారులు కత్తిగట్టగా అది నిషేధమునకు గురియైనది. చదువలేనివారికి గూడ పత్రిక వినిపించిన ఫలమది! తెనాలివారు చక్రపాణిగారు క్షయవ్యాధితో మదనపల్లి ఆరోగ్యశాలలో నుండి, ఆ పడక మీదనే వంగభాష నేర్చి, శరత్ బాబు నవలలను తెనిగించిరి. నాగిరెడ్డిగారు ముద్రణాలయము నడపిరి. ఈ యిరువురును కలిసి 1947లో ‘చందమామ’ను, 1950లో విజయా సంస్థ పక్షమున ‘షావుకారు’ను వెలువరించిరి. పిల్లలకు కథ చెప్ప నేర్చినవారు గనుకనే కాబోలు, వారి చిత్రములలో ముసలివారికిని అర్థముకాని ముడి యుండదు. వారికి మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు ఖరగపూరు రైల్వేలో పనిచేసి, బందరున నాటకసమాజమునకు నాటకములు వ్రాసినవారు.

వీరందరిలో కె.వి. రెడ్డిగారి పూర్వవృత్తి మిక్కిలి వింతయైనది. తాడిపత్రి ప్రాంతపువారు. చిత్రపరిశ్రమకు వచ్చినది దర్శకుడుగా కాదు, నటుడుగా కాదు, క్యాషియరుగా! దస్త్రములు, వోచర్లు, రోజువారీ ఖర్చులు – ఇవి ఆయన పని. అట్టి వాని చేతికి వాహినీవారు ‘భక్త పోతన’ను అప్పగించినప్పుడు నవ్వినవా రుండియుందురు. 1943లో విడుదలయైన ఆ చిత్రము ఆంధ్రమున మాత్రమే గాక వెలుపల గూడ పేరుపొందెను. ఆయన గడియారమును దగ్గర నుంచుకొని, ఏ ఘట్టము ఎన్ని నిమిషములు నడువవలయునో చిత్రీకరణకు ముందే లెక్క కట్టెడివారు. తీసిన పిదప కత్తిరించి పాఱవేయుట ఆయనకు రొక్కము తూమునకు పోసినట్లుండెడిది. మూడు గంటల ‘మాయాబజారు’ 1957లో వచ్చినది. దానిలో ఏ ఘట్టమును తీసివేయవచ్చునో నేటికిని చెప్పుట కష్టము. కవిత్వమునకును కర్ణీకమునకును చుక్కెదురని పెద్దలనుకొందురు. ఆ మాట ఈయనయెడ చెల్లలేదు.

అదే చిత్రమున చెఱువుమీద పరచుకొన్న వెన్నెలను సృష్టించిన మార్కస్ బార్ట్లేగారు సింహళమున పుట్టిన ఆంగ్లో-ఇండియనులు. బొంబాయి పత్రికకు ఫోటోలు, వార్తాచిత్రములకు బొమ్మలు తీసినవారు. ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావుగారు అగ్నిమాపకశాఖలో ఉద్యోగి. కృష్ణుడైన నందమూరి తారకరామారావుగారు 1947లో సబ్ రిజిస్ట్రారు. కొలది వారములకే ఆ కొలువు విడిచిరి. స్థిరమైన కొలువు విడుచుట అందరికిని మేలు చేయలేదు, వారికి చేసినది.

ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి బాల్యమును గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో 1922లో జన్మించిరి. తండ్రి చనిపోవునపుడు సంగీతము నేర్చుకొమ్మని చెప్పి పోయెను. కుఱ్ఱవాడు ఉంగరమమ్ముకొని విజయనగరము చేరెను. పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికము దొరకినది గాని అన్నము దొరకలేదు. జోలె కట్టుకొని ఇల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొని తినుచు చదివెను. ఆ వీధులలో వచ్చి అన్నమడిగిన పిల్లవాని కంఠమును తరువాత ఇంటింటి రేడియోలో వినినవారు ఎందరో! 1942 ఉద్యమమున చెఱసాలకు వెళ్లెను. చెన్నపట్టణము చేరిన క్రొత్తలో పానగల్లు పార్కులో పండుకొనెను. మొదట దొరకినది బృందగానమున ఒక గొంతుక మాత్రమే. మధుకరము తిన్నవానికి అది తక్కువగా తోచలేదు.

ఆయనను చెన్నపట్టణమునకు రమ్మని ప్రోత్సహించిన సముద్రాల రాఘవాచార్యులుగారిది రేపల్లె చేరువ పెదపులివఱ్ఱు. 1930లో ఆ యూరనే జన్మించిన కె. విశ్వనాథుగారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణశాఖలో కుదిరిరి. తన మాట యొక్కటియు లేకుండ, ఇతరుల మాటలును పాటలును వినుట, తప్పున్నచో మరల చెప్పించుట ఆయన కొలువు. ఆ కొలువు తరువాత ఆదుర్తి సుబ్బారావుగారియొద్ద సహాయకత్వము. 1965లో ‘ఆత్మగౌరవము’తో దర్శకులైరి. 1980లో ‘శంకరాభరణము’ విడుదలయైనప్పుడు, శాస్త్రీయసంగీతము ఎవరు విందురని పెదవి విఱిచిన హాళ్లలోనే జనము నిశ్శబ్దముగా కూర్చుండి వినిరి.