ఐదు నిమిషముల గండము

(తళిలో మా పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో మేము పిల్లల హాజరును గూర్చియు, మార్కులను గూర్చియు, తెలుగు వాచకములు సకాలమున అందకుండుటను గూర్చియు మాటలాడుట పరిపాటి. ఈ యేడు ఆ పనిని సహోపాధ్యాయులకు వదలి, వేరొక విషయమును మీ ముందుంచ దలచితిమి. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. మేము ముప్పది యేండ్లు బీడీ కాల్చితిమి. ఇప్పుడు మానివేసి మూడేండ్లు దాటినవి. ఇందు మొదటి సంగతి మీలో చాలమందికి తెలిసినదే. తెలియనట్లుండుట మీ మర్యాద. రెండవదానిని చెప్పుటకే ఇక్కడ నిలుచుంటిమి.

ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో, ఇరువది యొకటవ యేట, పరీక్షల ముందు నిద్ర రాకుండునని ఒక స్నేహితుడిచ్చిన బీడీతో ఈ కథ మొదలైనది. తొలి దమ్ముకే తల తిరిగి వాంతి వచ్చెను. దేహము అంత స్పష్టముగా చెప్పినను మేము వినలేదు. ఉద్యోగమున చేరునాటికి దినమునకు పది. నలుబదవ యేట దినమునకొక కట్ట.

సాకులకు కొదువ లేదు. మన తళి చలి ప్రదేశము. తెల్లదొరలు దీనిని చిన్న ఇంగ్లాండు అని పిలిచిరని మనము గర్వముగా చెప్పుకొందుము. పుష్యమాసపు మంచులో బీడీ లేనిదే ఒంటికి వెచ్చదనము లేదని పెద్దలనిరి, మేమును అంటిమి. నిజమునకు పొగాకులోని నికోటిన్ అను పదార్థము చర్మమునకు పోవు రక్తనాళములను ముడుచును; అందుచే వ్రేళ్లు మరింత చల్లబడును. ఇక రెండవ సాకు: సిగరెట్టు కాగితము, బీడీ ఆకు, ఆకు గనుక అపాయము తక్కువ యని. ఇదియు పొరబాటే. తునికాకు కాగితమువలె గాలిని లోనికి రానీయదు. ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందులో పొగాకు కొంచెమే యైనను, నికోటిను గాని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గాని సిగరెట్టుకంటె తక్కువ రావు, హెచ్చుగనే వచ్చును. ఈ సంగతులు మేము చదువుకొనియే యుంటిమి. విజ్ఞాన పాఠము చెప్పునప్పుడు ఊపిరితిత్తుల పటమును బల్లమీద గీసి, గంట కొట్టగానే వెలుపలికి పోయి బీడీ ముట్టించినవారము మేము.

మానవలెనని అంతకు ముందు యత్నింపలేదా? రెండు పర్యాయములు యత్నించితిమి. ఒకసారి తిరుమల యాత్రలో స్వామి ముందు మ్రొక్కుకొంటిమి. కొండమీద పొగ త్రాగుట నిషిద్ధము గనుక రెండు దినములు నిజముగనే బీడీ ముట్టలేదు. అలిపిరి దిగిన పది నిమిషములకు అంగడి ముందుంటిమి. మఱియొకసారి దినమునకొకటి చొప్పున తగ్గింప జూచితిమి. ఐదింటి దాక బాగుగనే సాగెను. ఆ మీదట ఆ ఐదును అమృతతుల్యములై, మిగిలిన పగలంతయు వానికొరకు కాచుకొనుటయే పనియయ్యెను. అంతలో బంధువుల యింట ఒకరు గతించిరి. రాత్రి శవజాగరణలో ఎవరో కట్ట చాచిరి. తెల్లవారునప్పటికి లెక్క తప్పిపోయెను.

ఇక అసలు సంగతి. నాలుగేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నము ఏడవ తరగతి బాలుడొకడు మరుగుదొడ్ల వెనుక బీడీ కాల్చుచు పట్టుబడెను. ఉపాధ్యాయిని వానిని మా గదికి తీసికొని వచ్చెను. మేము బల్ల చరచి, "ఎక్కడిదిరా ఇది?" అని గద్దించితిమి. వాడు నేల చూచుచు, "మీ కట్టలోదే సార్" అనెను.

వాడు చెప్పినది నిజము. ఏడాదిగా మాకు బీడీలు తెచ్చుచున్నవాడు వాడే. చురుకైనవాడు, చిల్లర సరిగా తెచ్చువాడు అని మేమే ఏరుకొంటిమి. విద్యాలయమునకు నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదనియు, పదునెనిమిదేండ్లు నిండనివారికి అసలే అమ్మరాదనియు 2003లో చేసిన చట్టము చెప్పుచున్నది. ఆ అంగడి నూరు గజములకు వెలుపలనే యున్నది గనుక మొదటి నియమమునకు భంగము లేదు. రెండవ నియమము "హెడ్మాస్టరు గారికి" అను రెండు మాటలతో ప్రతి దినమును భగ్నమగుచుండెను. ఆ రెండు మాటలను వాని నోట పెట్టినది మేము.

కన్యాశుల్కములో గిరీశము వద్ద వెంకటేశమునకు అబ్బిన విద్య చుట్ట కాల్చుట యొక్కటేనని చెప్పి తరగతిని నవ్వించుట మాకు అలవాటు. 1892లో తొలిసారి ఆడిన ఆ నాటకమును గురజాడ వారు మా కొరకే వ్రాసిరని ఆ మధ్యాహ్నము తోచినది.

వాని తండ్రిని పిలిపించితిమి. ఆయన గులాబీ తోటలో పని చేయువాడు. సంతనాడు మేమిద్దరము ఒకే అగ్గిపుల్లతో ముట్టించుకొన్న దినములు గలవు. ఆయన కొడుకువంకను మావంకను చూచి, "సార్, వీనికి నేను చెప్పాలా, మీరు చెప్పాలా? మనిద్దరిలో చెప్పే మొగం ఎవరికుంది?" అని అడిగెను. ఆ బాలుని మేము దండింపలేదు. దండించుటకు చేయి రాలేదు.

ఆ శనివారము సాయంకాలము మిగిలిన బీడీలను, అగ్గిపెట్టెను, బూడిద వేయు కంచు గిన్నెను పేడదిబ్బలో పడవేసితిమి. గిన్నెను మాత్రము మా గృహిణి మఱునాడు తీసి కడిగి పెట్టుకొనెను. అది ఆమె పుట్టింటిది. సోమవారము ప్రార్థన వేళ పిల్లలందరి యెదుట, "మేము బీడీ మానితిమి, చూచుచుండుడు" అని చెప్పితిమి. ఇట్లు చెప్పుట డాంబికమని ఒక మిత్రుడనెను. కావచ్చును. కాని రహస్యముగా మానినవాడు రహస్యముగా మరల మొదలు పెట్టగలడు. మాకు నూటయేబది మంది పిల్లల కన్నులు కావలి యుండెను. ఐదవ తరగతి పిల్లలు బల్లమీద ఒక మూల దినముల లెక్క వ్రాయ మొదలిడిరి. మేము వ్రాయుమనలేదు.

మొదటి మూడు దినములు మిక్కిలి కష్టము. తలనొప్పి, చిరాకు, రాత్రి నిద్ర లేమి, పగలు ఆకలి. బీడీ లేనిదే ఉదయమున కాలకృత్యము తీరదనునది నవ్వవలసిన మాట కాదు. పేగులు ఆ అలవాటునకు లోబడియుండును గనుక కొన్ని దినములు మలబద్ధకము నిజముగనే కలుగును. వేడినీరు, ఆకుకూర, ఉదయపు నడకలతో రెండు వారములకు అది సర్దుకొనెను. మా కోపమును మాత్రము ఇంటివారు భరించిరి. నాలుగవ నాడు మా గృహిణి, "దీనికన్న మీరు బీడీ కాల్చుకోవడమే మేలేమో" అనెను. వైద్యులు చెప్పుట యేమనగా, పొగతో పోయిన నికోటిను పది యిరువది సెకనులలో మెదడును చేరును. ఇన్నేండ్లు అంత వేగముగా అందినది హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు అల్లరి చేయును. ఆ అల్లరి తొలి వారమున తీవ్రమై, రెండు మొదలు నాలుగు వారములలో తగ్గును. ఈ గడువు ముందే తెలిసియుండుట మాకు చాల తోడ్పడెను.

అన్నిటికంటె ఉపకరించినది బడి గడియారము. బీడీ కావలెనను తహతహ, తీర్చనిచో పెరిగి పెరిగి ప్రాణము తీయునని మా భయము. అది అట్లు పెరుగదు. చలిజ్వరమువలె ఎక్కి, కుదిపి, దిగిపోవును. గడియారము చూచి లెక్కపెట్టితిమి: మూడు నిమిషములు, నాలుగు, హెచ్చైనచో ఐదు. మన బడిలో ఒక పీరియడు నలుబది నిమిషములు. ఆ నలుబది నిమిషములు అల్లరి పిల్లలను కూర్చుండబెట్టగల మనిషి, ఐదు నిమిషములు తన్ను తాను కూర్చుండబెట్టుకొనలేడా? "ఇక జన్మలో త్రాగను" అనుకొన్న కొలది గుండె జారిపోవుచుండెను. "ఈ ఐదు నిమిషములు త్రాగను" అనుకొనుట మా చేతనైనది.

ఒక చిన్న పుస్తకమున ఆ గండములు వచ్చు వేళలను వ్రాసికొంటిమి. వారము నాటికి వాని జాడ తెలిసెను. కాఫీ త్రాగినంతనే ఒకటి. భోజనము కాగానే ఒకటి. చివరి గంట తరువాత ఒకటి. పై కార్యాలయమునుండి కవరు వచ్చినప్పుడు తప్పక ఒకటి. మొదటిదానికి కాఫీ మాని ఉదయమున రాగి అంబలి మొదలిడితిమి. రెండవదానికి విస్తరి ముందునుండి లేచినవెంటనే నోరు పుక్కిలించి, తోట మొక్కలకు నీరు పోయుటకు పోయితిమి; ఆ యేడు బడి వంకాయలు బాగుగా కాచినవి. మూడవదానికి ఇంటి దారి మార్చి, అంగడి వైపు పోక చెరువుకట్ట మీదుగా పోయితిమి. దూరము రెట్టింపు. నాలుగవదానికి మందు లేదు. జేబులో సోంపు, పుట్నాలపప్పు ఉంచుకొంటిమి. ఆ విధముగా నాలుగు కిలోల బరువు పెరిగితిమి. బరువును పిదప తగ్గించుకొనవచ్చునని హోసూరులో ఒక వైద్యుడు చెప్పి, మరీ కష్టమైనచో నికోటిను కలిపిన చూయింగ్ గమ్ము మందుల అంగడిలో దొరకునని తెలిపెను. మేము అది వాడలేదు. వాడుట బలహీనత యని మాత్రము ఎవరును అనుకొనవలదు. కాలు విరిగినవాడు కర్ర పట్టుకొనును గదా.

మఱియొక సహాయము గలదు. పొగాకు మానదలచినవారికి ప్రభుత్వము 2016 నుండి ఒక ఫోను నడపుచున్నది: 1800-11-2356. పైసా ఖర్చు లేదు. 2018 నుండి బీడీ కట్టలమీదను, సిగరెట్టు పెట్టెలమీదను ఆ అంకెలు ముద్రించుచున్నారు. ఎన్నో కట్టలు విప్పియు మేము చదువలేదు. బెంగుళూరు నిమ్హాన్సు ఆసుపత్రి నుండి తెలుగులోను మాటలాడుదురు. ఆ ఆసుపత్రి యున్నది హోసూరు రోడ్డుమీదనే.

ఇంత చేసియు ఒకసారి జారితిమి. ఎనిమిదవ మాసమున ఒక పెండ్లిలో, విడిది వద్ద పాత మిత్రులు చుట్టుముట్టిరి. "ఒక్కటే గదా" అనిరి. ఒక్కటే కాల్చితిమి. రుచి లేదు, అయినను చివర వరకు కాల్చితిమి. సోమవారము ప్రార్థనలో చెప్పవలెనా మానవలెనా యని ఆదివారమంతయు తర్కించుకొంటిమి. చెప్పితిమి. పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఒక బాలిక లేచి, "అయితే మళ్ళీ ఒకటి నుంచి రాయాలా సార్?" అని అడిగెను. ఒక్క జారుపాటుతో అంతయు పోయినట్లు కాదని వైద్యులందురు; అది నిజమే. కాని బాలిక గణితము వేరు. ఆమె తరగతికి పోయి, బల్లమీద 241 తుడిచి 1 వేసెను. మేము ఇప్పుడు చెప్పుచున్న మూడేండ్లు ఆ ఒకటి మొదలైన లెక్క.

ఏబదియేండ్లు దాటిన తరువాత మానియేమి ఫలమని కొందరు తండ్రులు మమ్మడిగిరి. ఇంగ్లండు దేశమున డాల్ అను వైద్యుడును ఆయన సహచరులును 1951లో వేలకొలది వైద్యుల పొగ అలవాట్లను వ్రాసికొని, ఏబది యేండ్లు వారిని విడువక గమనించిరి. 2004లో ప్రకటించిన ఫలితము ప్రకారము, విడువక పొగ త్రాగువారు సగటున పదేండ్లు ముందుగా మరణించిరి. ముప్పదవ యేట మానినవారు ఆ పదేండ్లను దాదాపు తిరిగి పొందిరి. నలుబదింట మానినవారు తొమ్మిది, ఏబదింట మానినవారు ఆరు, అరువదింట మానినవారు మూడేండ్లు పొందిరి. మా వాటాకు ఆరు. ఇది సగటు లెక్క గనుక ఎవరికెంత యని పత్రము వ్రాసి ఇచ్చువారు లేరు. అరువదేండ్లవారికిని మూడేండ్లున్నవని మాత్రము గమనింపుడు. మనుమని ఒకటవ తరగతిలో చేర్చిన తాత, వాడు నాలుగవ తరగతి చేరుట చూచుటకు ఆ మూడేండ్లు చాలును.

ఆకువక్కలో పొగాకు నమలు తల్లులతో ఒక మాట. పొగ లేదు గనుక కీడు లేదనుకొనవలదు. అది నోటి పుండునకును, నోటి క్యాన్సరునకును త్రోవ. శ్రీకాకుళము, విశాఖపట్నముల తీరపు పల్లెలలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో క్యాన్సరు కలుగుట వైద్యులు ఎన్నడో కనుగొనిరి. మనయందు ఆ వాడుక లేదు, నములుట కలదు.

పిల్లల చేత బీడీగాని, పొగాకుగాని, అగ్గిపెట్టెగాని తెప్పింపవలదు. మేము చేసిన తప్పు గనుక అడుగు అధికారము మాకు లేకపోవచ్చును, అయినను అడుగుచున్నాము. ఆ బాలుడు ఇప్పుడు పదునొకండవ తరగతి చదువుచున్నాడు. మరల కాల్చెనో లేదో మేము అడుగలేదు. వాని తండ్రి మాత్రము ఈ జనవరిలో మా యింటికి వచ్చి, మొదటి మూడు దినములు ఎట్లు గడుపవలెనని అడిగి, మా చిన్న పుస్తకమును ఎరవు తీసికొనిపోయెను.

మానదలచినవారు ఇంకను ఉన్నచో, ప్రతి శనివారము సాయంకాలము ఐదు గంటలకు బడి వరండాలో కూర్చుందము. బడి ఫోనునుండి ఆ అంకెలకు మాటలాడవచ్చును. గడియారము మేము పెట్టెదము. సోంపు మాత్రము ఎవరిది వారే తెచ్చుకొనవలెను.